పేరు అడగని డబ్బు

తర్లుపాడు దగ్గర మన పల్లె,
9 ఫిబ్రవరి 2025

ఒరే క్రాంతీ,

ఢిల్లీలో చలి తగ్గిందో లేదో ముందు అది రాయి. ఇక్కడ అప్పుడే ఎండ మొహం మీద చరుస్తోంది. చేతిలో ఫోను పెట్టుకొని అక్క ఉత్తరం రాయడమేమిటని నవ్వుతావు. నవ్వుకో. ఇది ఫోనులో చెప్పకూడని సంగతి. అందుకే తర్లుపాడు పోస్టాఫీసుకు పోయి మరీ రిజిస్టరు చేస్తున్నాను.

మన వెంకాయమ్మ వదిన క్రిస్మస్ ముందు పోయింది కదా. నీకు సెలవు దొరకలేదు, సరే. ఆమె పోతూ పోతూ ఒక మాట వెంట తీసుకుపోయింది. ఆ మాట లేక మేమంతా నిలువునా మునిగేట్టున్నాం.

మొదటినుంచీ చెప్తాను. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇంటింటా ఒక పిడికెడు తీసి ముంతలో వేస్తాం, దేవుని బియ్యం. అవి అమ్మగా వచ్చేదే మా స్త్రీల సమాజం డబ్బు. కరోనా ఏడాది గుడి మూసినా మా ముంతలు మూయలేదు. పోగైంది బ్యాంకులో వేద్దామంటే వాళ్ళు ఒక పేరు అడిగారు. ఎవరిస్తారు? వెనకటికి దేవదానం మామ సంఘం డబ్బు తన పేరున దాచి, ఆ ఏడే మిరప చేలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. దేవుని సొమ్ముకు తమ పేరు పెట్టుకున్నవాళ్ళు బతకరని అప్పటినుంచీ పల్లెలో ఒక భయం. నాకూ ఉంది, దాచను.

అప్పుడు దీనమ్మక్క మనవడు డానీ, "పేరు అడగని డబ్బు ఒకటుందవ్వా" అన్నాడు. అదే బిట్‌కాయిన్. పన్నెండు ఇంగ్లీషు మాటలే దానికి తాళం. ఎక్కడా రాయొద్దు, ఫోనులో పలకొద్దు అన్నాడు. పన్నెండూ ఒక్కరికే చెప్తే ఆ డబ్బు ఆ ఒక్కరిదైపోతుంది కదా. అందుకని పన్నెండుమందిమి తలా ఒక మాట అక్షరాలతో సహా కంఠతా పట్టాం, ఆదివారం వాక్యం పట్టినట్టే. పెట్టినవాడు డానీ అయినా వాడు ఏదీ రాసుకోలేదు, గుర్తూ పెట్టుకోలేదు; మాలో ఒకరి మాట ఇంకొకరికి తెలియదు. వరస చెడకుండా ప్రార్థనలో చాప మీద అదే వరసలో కూర్చుంటున్నాం. ఏడో చోటు వెంకాయమ్మ వదినది.

డానీ పాత ఫోను దొనకొండ స్టేషన్లో రైలు కింద పడింది. ఇప్పుడు ఆ మాటలు తప్ప వేరే దారి లేదు. వదినకేమో పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. ఆఖరి రోజు నా చెయ్యి పట్టుకొని పెదాలు ఆడించింది, ఆడించింది, ఒక్క అక్షరం బయటికి రాలేదు.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, మన సమాధుల చోటు వెంకటేశ్వర్లు గారిది. వాళ్ళ నాయన నోటిమాట మీద ఇచ్చాడు, కాగితం లేదు. పలకల ఫ్యాక్టరీ వాళ్ళెవరో రాతి చెత్త పోసుకోను ఆ చోటు అడుగుతున్నారట. వెంకటేశ్వర్లు గారు మంచాయన, "మీరే కొనుక్కోండమ్మా, మే నెల దాకా ఆగుతా" అన్నాడు. అమ్మ, నాయన, మీ బావ కరుణాకరం, అందరూ అక్కడే ఉన్నారు. వాళ్ళ మీద లారీలతో రాయి పోస్తే నేను చూస్తూ ఎట్లా అన్నం తినేది?

నువ్వు ఆ కాయిన్లకు చట్టం రాసే ఆఫీసులోనే ఉన్నావు. చనిపోయినవాళ్ళ మాట కంపెనీవాడు వారసులకు చెప్పి తీరాలని ఒక ముక్క రాసెయ్యి. అంతే నేనడిగేది.

అక్క,
మగ్దలీన

&nbsp;

ఢిల్లీ,
21 ఫిబ్రవరి 2025

అక్కా,

చలి తగ్గింది. నీ ఉత్తరం చదివాక నాకు చెమటలు పట్టాయి.

మొదట ఒక సంగతి. నేను రాసేది చట్టం కాదు. చట్టం చేసేవాళ్ళకు ముందు ఒక కమిటీ ఉంటుంది, ఆ కమిటీ ముందు పెట్టే చర్చాపత్రంలో కొన్ని పేజీలు నావి. అందులో నా సొంత కోరికలు రాసుకోను వీలు లేదు.

రెండోది, నువ్వనుకునే కంపెనీ లేదు. ఆ పన్నెండు మాటలు ఏ బీరువాలోనూ ఉండవు. ఒక్కటి పోయినా అడగడానికి మనిషుండడు. దాన్ని కనిపెట్టినవాళ్ళు గొప్పగా చెప్పుకునేదే అది.

అసలు అందులో డబ్బు ఉందని మీకెవరు చెప్పారు? ఊళ్ళలో కాయిన్ పేరు చెప్పి ఎంతమందిని ముంచారో రోజూ నా బల్ల మీదికి కాగితాలొస్తాయి. పన్నెండుమంది పెద్దవాళ్ళు ఒక కుర్రాడి మాట నమ్మి దేవుని బియ్యం తీసుకుపోయి గాలిలో పోశారు. కోపం తెచ్చుకోకు. మోసపోయారనే నా భయం. వెంకటేశ్వర్లు గారితో నేను మాట్లాడతాను, వాయిదాల మీద ఇస్తాడేమో చూద్దాం.

జీలకర్ర, మిరప్పొడి అందాయి. పొడి ఘాటుగా ఉంది.

నీ తమ్ముడు,
క్రాంతి

&nbsp;

మన పల్లె,
5 మార్చి 2025

క్రాంతి కుమార్ గారికి,

గారు అని ఎందుకు రాశానో తెలిసే ఉంటుంది. గాలిలో పోశామా? నువ్వు మార్కాపురం హాస్టల్లో ఉన్న మూడేళ్ళు ఫీజు కట్టింది ఆ ముంతలేరా. అప్పుడు గాలి కాలేదే.

డానీ మోసం చేయలేదు. అప్పులిచ్చే యాప్‌ల్లో తల దూర్చి చెడిపోయాడు గానీ దొంగ కాదు. మా కాయిన్ ఉన్న చోటు నెంబరు కొడితే ఇప్పటికీ కనబడుతుంది. ఎవరైనా చూడొచ్చు, ఎవరూ ముట్టుకోలేరు. చూసి వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళకు పిచ్చెక్కుతోంది.

నీకు రాయకూడదనుకున్నా, రాస్తున్నా. వెంకాయమ్మ వదిన కలలోకొస్తోంది. నాకొక్కదానికే కాదు, మొదట దీనమ్మక్కకు, తర్వాత వరసన అందరికీ. వచ్చి మంచం పక్కన కూర్చొని పెదాలు ఆడిస్తుంది. శబ్దం రాదు. "వదినా, కొంచెం గట్టిగా చెప్పు వదినా" అని నిద్రలో అరుస్తున్నానట, పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. చాప మీద ఏడో చోట ఎవరూ కూర్చోవడం లేదు. పోయిన ఆదివారం కొత్తగా వచ్చిన కోడలు తెలియక కూర్చుంటే ఒకటే కేకలు, ఆ పిల్ల ఏడ్చుకుంటూ లేచిపోయింది.

దీనమ్మక్క మొన్న సమాధి దగ్గరికి పోయి మట్టికి చెవి ఆనించి పడుకుంది. నేనే లేపి తీసుకొచ్చాను. "మాటను ఆమె నోట్లో పెట్టి మట్టేసినాము గదే మగ్దలీనా, ఎట్ల వస్తాది ఇంక" అని ఏడ్చింది. నాకు ఆమె మొహం చూస్తే భయమేసింది.

ఒకటి చెప్పు. కంపెనీ లేదంటావు, పెద్దమనిషి లేడంటావు. మరి మీ కమిటీ అంతమంది కూర్చొని అదుపు చేసేది ఎవర్ని? దయ్యాన్నా?

వాయిదాల మాట ఎత్తి మమ్మల్ని వెంకటేశ్వర్లు గారి ముందు చిన్నబుచ్చకు.

మగ్దలీనమ్మ

&nbsp;

ఢిల్లీ,
16 మార్చి 2025

అక్కా,

నా మీద నువ్వు 'గారు' వేయడం కన్నా రెండు తిట్టుంటే బాగుండేది. తప్పైంది. హాస్టలు మాట గుర్తు చేసినందుకు రెండు పూటలు అన్నం సహించలేదు.

నీ ప్రశ్నే మా కమిటీలోనూ అడిగారు, నీ అంత సూటిగా కాకపోయినా. కొందరు మొత్తం నిషేధించమంటారు. కొందరు మనకెందుకు వదిలేయమంటారు. మూడో రకం వాళ్ళు, నేనూ అందులోనే, సంతలో పట్టుకోవాలంటాం. నల్లమల అడవిలో తప్పిపోయిన మేకను ఎవరు పట్టగలరు? అమ్మడానికి సంతకు తోలుకొస్తే అక్కడ దొరుకుతుంది. కాయిన్ కాయిన్‌గా తిరిగినంతసేపు మన చేతికి చిక్కదు. అది రూపాయిగా మారే చోట అంగడి ఉంటుంది. ఆ అంగడివాడు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, వచ్చినవాళ్ళ పాన్ కార్డు, మొహం చూడాలి, పన్ను పట్టాలి. ఇప్పుడు చాలావరకు జరుగుతున్నది అదే. దాన్ని ఇంకా బిగించాలని నా పేజీల్లో రాశాను. మోసాలు ఆగాలంటే డబ్బుకు ఒక మనిషి పేరు ఉండి తీరాలి అక్కా.

ఇంక వెంకాయమ్మ వదిన మాట. అది దొరుకుతుంది! ఆ తాళానికి వాడే మాటలు మొత్తం రెండు వేల చిల్లరే, అందరికీ తెలిసిన పట్టీ. పదకొండు మాటలు, వాటి వరస సరిగా ఉంటే, ఏడో చోట ఒక్కొక్కటే పెట్టి చూసే పని కంప్యూటరు చేస్తుంది. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది, మోసమనే కోపంలో ఆలోచించలేదు.

మాటలు మాత్రం నాకు పంపకండి. నా ఉద్యోగంలో అవి నా చేతికి రాకూడదు. అందరూ కూర్చున్నప్పుడు డానీ ల్యాప్‌టాప్‌లో ఎవరి మాట వాళ్ళే కొట్టండి, ఇంగ్లీషు రానివాళ్ళు కంఠతా పట్టిన అక్షరాలు ఒక్కొక్కటే చూసి కొట్టినా చాలు.

నువ్వు రాసిన కల నన్నూ వదలడం లేదు. వదిన నన్ను చంకన వేసుకొని తర్లుపాడు బడికి మోసింది. ఆమె గొంతు ఎట్లా ఉండేదో ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు.

క్రాంతి

&nbsp;

మన పల్లె,
7 ఏప్రిల్ 2025

ఒరే తమ్ముడూ,

దొరికింది! దేవునికి స్తోత్రం, దొరికింది.

గుడి తలుపులు మూసి, కంప్యూటరు మీద దుప్పటి కప్పి, ఒక్కొక్కరం దుప్పట్లో తల దూర్చి మా మాట కొట్టి వచ్చాం. డానీ బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. ఏడో వంతు వచ్చేసరికి ఎవరూ లేవలేదు, ఆ చోటు ఖాళీగా వదిలి మిగతావాళ్ళం కొట్టాం. డానీని పిలిచాం. వాడు ఏదో నొక్కాడు, అంకెలు పరుగెత్తాయి. పదిమందికి టీ కాచినంతసేపు పట్టింది. "అయ్యిందవ్వా, తెరుచుకునింది" అన్నాడు.

అందరం ఏడ్చాం. తర్వాత దీనమ్మక్క, "ఆమె మాట ఏందో చెప్పురా, వినాల" అంది. వాడు చెప్పాడు. ఇంగ్లీషులో ఏదో కుర్చీయో బల్లో, ఇంటి సామాను పేరు. అన్ని రాత్రులు మా పక్కన కూర్చొని చెప్పబోయింది ఇదా అని వాడితో మళ్ళీ చెప్పించుకున్నాను. అది కాదేమోరా. ఆమె చెప్పేది ఇంకేదో అయి ఉంటుంది.

ఇక అసలు చిక్కు విను. పన్ను పోను కూడా నేల కొనడానికి సరిపోతుంది. కానీ నువ్వు రాసిన ఆ అంగడివాడు పేరు అడుగుతున్నాడు. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం. డానీ పేరున వేస్తే యాప్‌వాళ్ళు లాక్కుంటారు. పాస్టరుగారు, "పొలమైతే మిషన్ పేరున రాయించుకుంటాను గానీ కాయిన్ జూదమమ్మా, నన్ను లాగొద్దు" అన్నారు. మిగిలింది మేం పదకొండుమందిమి. ఎవరి పేరున అంత డబ్బు పడి పన్ను కట్టినట్టు కనబడితే వాళ్ళ పింఛను, బియ్యం కార్డు ఎగిరిపోతాయని గ్రామ సచివాలయంలో పనిచేసే పిల్ల చెప్పింది. అది ఒక ఎత్తు. దేవదానం మామ సంగతి ఇంకో ఎత్తు. పేరు అనగానే ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు.

నీలాంటి ఉద్యోగస్తుడి పేరైతే ఏ బాధా లేదని ఎవరో అన్నారు, నేను నోరు మూయించాను. చివరికి వెంకాయమ్మ పేరునే వేద్దామని అనుకుంటున్నారు. ఆమె ఆధార్ ఇంకా నడుస్తోంది, ఖాతా మూయలేదు. చచ్చినామెకు ఇంక చావేముంది అని.

మీ కాగితంలో మనిషి అంటే ఒక్కడేనా? మేం పదకొండుమందిమి కలిసి ఒక మనిషి కాలేమా? అది తెలిసినవాళ్ళను అడిగి రాయి.

అక్క

&nbsp;

ఢిల్లీ,
15 ఏప్రిల్ 2025

అక్కా,

చనిపోయినామె పేరున వేయొద్దు. వేయొద్దు, వేయొద్దు. అది నేరం. అంగడివాడు మొహం చూపించమంటాడు, దొరికిపోతారు, డబ్బంతా ఆగిపోతుంది. నువ్వు జైలు మెట్లెక్కాల్సొస్తుంది.

ఇంకొకటి నువ్వు సగం చెప్పి వదిలేశావు, నాకు అర్థమైంది. నా పేరు అడగొద్దక్కా. ఇదే పనిలో ఉండి కాయిన్ నా పేరున తీసుకుంటే ఉద్యోగం పోతుంది. జాహ్నవికి ఇప్పుడు ఐదో నెల, ఇల్లు అద్దెది. కాదని చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను.

పదకొండుమంది ఒక మనిషి అవుతారా అని అడిగావు. సంఘాన్ని రిజిస్టరు చేస్తే అవుతారు. దానికి నెలలు పడుతుంది, అక్కడా ముందు కొందరి పేర్లు రాయాలి. నా పేజీలు మళ్ళీ తిరగేశాను. 'యజమాని' అని రాసిన ప్రతిచోటా నా మనసులో ఒక్క మనిషే ఉన్నాడు.

క్రాంతి

&nbsp;

మన పల్లె,
23 మే 2025

క్రాంతీ,

నీ పేరు నేను అడగలేదు. ఇంకోసారి ఆ మాట రాయొద్దు.

జాహ్నవికి పుల్లటి చింతకాయ తొక్కు పంపుతున్నా. నీళ్ళు తగలనీయొద్దను.

పని అయిపోయింది. నా పేరే ఇచ్చాను. ఎవరూ అడగలేదు, నేనే పోయి ఇచ్చాను. డానీ నన్ను ఫోను ముందు కూర్చోబెట్టి, మొహం చూపించమన్నాడు. ఫోను కళ్ళార్పమంది, ఎడమకు తిరగమంది, కుడికి తిరగమంది. నేను బతికే ఉన్నానని రుజువు చూసుకుంటుందట. ఆ తర్వాత డబ్బు నా ఖాతాలో పడింది. నేల రిజిస్టరయ్యేదాకా నాలుగు రోజులు నేను పడుకోలేదు. గుండె కొట్టుకుంటోందా లేదా అని చెయ్యి పెట్టి చూసుకుంటూ కూర్చున్నాను. నేల మిషన్ పేరున రిజిస్టరైంది. వెంకటేశ్వర్లు గారే మార్కాపురం వచ్చి సంతకం పెట్టి, మాకందరికీ నిమ్మసోడా తాగించాడు.

మీ బావ పక్కన, అమ్మ పక్కన ఇంక ఎవడూ రాయి పోయడు. అందుకు సంతోషంగానే ఉంది. కానీ పల్లె నన్ను చూసే చూపు మారిందిరా. నేను దగ్గితే ప్రార్థన ఆగిపోతుంది. కలుపుకు పోతే నా పక్క సాలు ఖాళీగా వదిలేస్తున్నారు. ఎవరూ తిట్టరు, చాలా మర్యాదగా మాట్లాడతారు, పోయేవాళ్ళతో మాట్లాడినట్టు. కొన్న నేలలో మొదటి గుంత ఎవరిదో అందరికీ తెలుసన్నట్టే ఉంది. మొన్న మనవడికి పెళ్ళి తేదీ చూసుకుంటూ దీనమ్మక్క, "మగ్దలీన సంగతి అయ్యాక పెట్టుకుందాము" అందట.

వెంకాయమ్మ వదిన మిగతావాళ్ళ కలల్లోకి రావడం మానేసింది. నా దగ్గరికి మాత్రం రోజూ వస్తోంది. పెదాలు కూడా ఆడించడం లేదు. ఊరికే కూర్చొని చూస్తుంది, దేనికో నేను లేచి రావాలన్నట్టు.

అక్క

&nbsp;

ఢిల్లీ,
18 జూన్ 2025

అక్కా,

నువ్వు పేరు ఇచ్చావని చదివి నేను ఆఫీసులో పనిచేయలేకపోయాను. నా పేజీల్లో 'ఒక మనిషి పేరు ఉండి తీరాలి' అని రాసింది నేనే. ఆ పేరు నీదవుతుందని నాకెట్లా తెలుసు!

దగ్గరి బంధువు కాయిన్ అమ్మిన సంగతి పై అధికారికి రాసి ఇచ్చాను. ఇవ్వాలి, రూలు అది. ఆయన బాగానే మాట్లాడి, ఆ ఫైలు నా దగ్గర్నుంచి తీసేశాడు. ఇప్పుడు వేరే విభాగంలో కుర్చీ ఇచ్చారు, జీతం అదే. నీ పేరు చెప్పి నన్నెవరూ ఏమీ అనలేదు. ఫైలు ఇచ్చేముందు చివర్లో ప్రజలను అడిగే ప్రశ్నల్లో ఒకటి చేర్చాను. పదిమంది కలిసి దాచుకున్నది, ఎవరికి వారు తమది కాదనుకునేది, ఎవరి పేరున చూడాలి అని. ఉంచుతారో కొట్టేస్తారో తెలియదు. నేను వెళ్ళి అడగలేను.

దేవదానం మామకు చక్కెర జబ్బు ఉండేదక్కా, అమ్మ చెప్పేది. నువ్వు డాక్టరుకు చూపించుకో. భయంతోనే మనిషి సగమవుతాడు. జాహ్నవి కాన్పు కాగానే అందరం వస్తాం.

క్రాంతి

&nbsp;

మన పల్లె,
3 ఆగస్టు 2025

ఒరే క్రాంతీ,

జ్ఞానయ్య బావ పోయాడు, దీనమ్మక్క భర్త. ఎనభై దాటిన మనిషి, మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగి అట్లే నిద్రలో వెళ్ళిపోయాడు. మంచి చావే.

నీకు తప్ప ఇంకెవరికీ రాయలేని సంగతి ఇది. కబురు తెలియగానే నేను నవ్వాను. ఇంట్లోకి పోయి తలుపేసుకొని, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వాను. మొదటి గుంత నాది కాదు! నా చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకొని పెద్దారవీడు తిరునాళ్ళకు తీసుకుపోయిన బావరా ఆయన. ఆ మనిషి చనిపోతే నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపూ వచ్చింది, కానీ నవ్వు వెనక వచ్చింది. సమాధి దగ్గర మట్టి వేసేటప్పుడు కూడా పెదవి ఆగలేదు. తలెత్తేసరికి దీనమ్మక్క నన్నే చూస్తోంది.

మూడో నాటి ప్రార్థన అయ్యాక ఆమె ఒక్కతే మా ఇంటికొచ్చింది. నేల కొన్నప్పటినుంచీ మా గడప తొక్కిన మొదటి మనిషి. గోడకు ఆనుకొని కూర్చుంది. తిడుతుందని నేను నా కాళ్ళ వంక చూస్తూ నిలబడ్డాను.

"నవ్వినావు గదే," అంది.

"నవ్వినానక్కా. నన్ను చెప్పుతో కొట్టు."

"నిన్నేం కొట్టేది. నేనేమన్న తక్కువ తిన్నానా? నువ్వు పేరిచ్చిన కాడ్నుంచి, పిడికెడు తీసినప్పుడల్లా మొక్కుకున్యా. మగ్దలీనతో సరిపెట్టుకో దేవా, నా ఇంటి జోలికి రావాకు అని. దానికి ముందా వెనకా ఎవరూ లేరు గదా, అది పోతే ఏడ్చేవాళ్ళు లేరు గదా అని గూడా చెప్పినా దేవునికి. ఈయన పోతాడని నాకు తెలీదే."

అని మోకాళ్ళ మీద తల పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది. నాకు కోపం రావాలి. ఎంతసేపు నిలబడ్డా రాలేదు. ముందా వెనకా ఎవరూ లేరు అన్న ముక్క మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకొని ఇంకా ఉంది. మీ బావ పోయాక నాకే అది ఎన్నోసార్లు అనిపించింది, ఇంకొకరు దేవునికి అప్పజెప్తారని అనుకోలేదు.

పింఛను ఈ నెల రాలేదు. వెతికితే నా పేరు పక్కన పన్ను కట్టే మనిషి అని వస్తోందట. సచివాలయం పిల్ల అర్జీ పెట్టించింది. వస్తే వస్తుంది, లేకపోతే కూలికి పోతాను, చేతులున్నాయి. నువ్వు డబ్బు పంపకు, జాహ్నవి మందులు చూడు.

దీనమ్మక్క ఏడుపు ఆగాక, "టీ పెట్టవే, గొంతు ఎండిపోయినాది" అంది. పెట్టాను. నా చావు కోరుకున్న మనిషికి, ఎందుకో మరి, చక్కెర కాస్త ఎక్కువే వేశాను.

అక్క,
మగ్దలీన